దాశరథి రంగాచార్యులవారు – వారి నవలలు

గత సంవత్సరము పదవతరగతి ఆంగ్లపాఠము జరుగుచుండగా, ఐర్లండు దేశమున నేడు జీవించియున్న నవలాకర్త్రి క్లేర్ కీగన్ అను నామెను గూర్చి మేము కొంత ప్రసంగించితిమి. ఆమె 1968లో జన్మించి, పల్లెపట్టున పశువుల మధ్య పెరిగి, మిక్కిలి చిన్న గ్రంథములను వ్రాసి పెద్దపేరు గడించినది. మా మాటలు ముగియక మునుపే వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, "సార్, మనకాడ ఇట్ల రాసినోళ్లు లేరా?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. కాని నవ్వదగిన ప్రశ్న కాదది. ఐర్లండునందలి బొగ్గువర్తకుని కథ తెలిసిన పిల్లలకు, మధిర రైలుస్టేషనులో బండియెక్కి ఖమ్మము, డోర్నకల్లు దాటినంతనే వచ్చు మానుకోటసీమ కథ తెలియకుండుట యెవరి తప్పు? మొదట మాది. అందుచేత నీ వ్యాసము వ్రాయుచున్నాము.

దాశరథి రంగాచార్యులవారు 1928వ సంవత్సరము ఆగష్టు 24వ తేదీన చినగూడూరు గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు మహబూబాబాదు జిల్లాలోనిది; అప్పటికది నిజామురాజ్యమున వరంగల్లు జిల్లాకు చేరియుండెను. మన మధిర తాలూకాయు నాడు వరంగల్లు జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఖమ్మము జిల్లా వేరుపడినది. వారిది శ్రీవైష్ణవ పండితకుటుంబము; ఇంట సంస్కృతము, బడిలో ఉర్దూ, వీథిలో తెలుగు. ఈ మూడు భాషలును వారి రచనలలో చివరివరకు నిలిచినవి. అన్నగారు దాశరథి కృష్ణమాచార్యులు (1925–1987) మహాకవిగా ప్రసిద్ధులు. నిజామాబాదు జైలులో బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసినవారు. అన్నను గూర్చి పాఠ్యపుస్తకములలో నున్నది గనుక మన పిల్లలకు తెలియును. తమ్ముని సంగతి అట్లు కాదు.

రంగాచార్యులవారు విద్యార్థిగా నుండగనే ప్రభుత్వవ్యతిరేకమైన ఆందోళనలలో దిగి పాఠశాలనుండి వెడలగొట్టబడిరి. పిమ్మట సాయుధపోరాటమున పాలుపంచుకొనిరి. పోరాటము చల్లారిన తరువాత ఉపాధ్యాయులై, గ్రంథాలయమున పనిచేసి, తుదకు సికింద్రాబాదు పురపాలకసంస్థలో చిరకాలము ఉద్యోగము చేసిరి. పగలంతయు కచేరీ కాగితములు చూచి, మిగిలిన వేళలలో నవలలు వ్రాసిన మనుష్యుడాయన. బడినుండి వెడలగొట్టబడినవాడు పంతులగుట మాకు ప్రత్యేకముగా నచ్చిన సంగతి. ఉపాధ్యాయులమైన మాకు దీనియందు గ్రహింపదగినది చాల కలదు గాని, విద్యార్థులు దీనిని అనుకరింపదగిన మార్గముగా తీసికొనరాదు.

ఇక నవలల మాట. వాటిని తెలిసికొనవలెనన్న అప్పటి రాజ్యస్థితి కొంత తెలియవలెను. హైదరాబాదు రాజ్యపు భూమిలో నూటికి 60 వంతులు దివానీ యనబడు ప్రభుత్వభూమి. సుమారు 30 వంతులు జాగీరుదారులది. తక్కిన 10 వంతులు నిజాముగారి సొంతఖర్చు నిమిత్తమై యుంచిన సర్ఫెఖాస్. దివానీలో సహితము దేశ్‌ముఖులు, పట్వారీలు, పటేళ్లు పల్లెలపై చలాయించిన అధికారమునకు మేర లేకుండెను. హైదరాబాదులో నున్న ప్రభువు దూరపుదేవుడు. గడిలో నున్న దొర దగ్గరి దేవుడు. దొర క్రింద కరణము, పటేలు, గిర్దావరు, అమీను – మ్రొక్కులు చెల్లింపవలసినవారందరు. వీరినే రంగాచార్యులవారు తమ మొదటి నవలకు పేరుగా పెట్టిరి: "చిల్లరదేవుళ్లు".

ఆ పేరు విని మా తరగతిలో నందరును దానిని భక్తిగ్రంథ మనుకొనిరి. చిల్లర యను మాటకు చిన్నపాటి యనియు, విలువలేని యనియు, చేతిలో మారుచుండు నాణెము లనియు అర్థములు కలవు. ఈ మూడును ఆ దొరలకు చక్కగా నతుకును.

కథ సాయుధపోరాటమునకు ముందుకాలమునాటిది. కోస్తాదేశమునుండి పాణి యను సంగీతవిద్వాంసుడు బ్రతుకుతెరువు వెదకికొనుచు తెలంగాణమునందలి యొక పల్లెకు వచ్చి దొర యాశ్రయమున చేరును. బెజవాడనుండి ఆ కాలమున రైలుమీద వచ్చువా డెవడైనను మన మధిర మీదుగనే పోవలసియుండెను. నిజాము సరిహద్దు దాటినవెంటనే వచ్చు ముఖ్యమైన ఊళ్లలో మనదొకటి. ఇటువైపున తెలుగువారే, అటువైపున తెలుగువారే. కాని ఇటు బడిలో ఉర్దూ, అటు ఇంగ్లీషు. ఇటు గడి, అటు జమీందారు కోట. నాణెము వేరు, న్యాయము వేరు. పాణి కన్నులకు పల్లె మొత్తము క్రొత్తగా కనబడుచుండును. గడియందు జరుగుచున్న వెట్టి, లంబాడీల కష్టములు, మతము మార్పిళ్లు, ఆడబాపల దుఃఖము – ఇవన్నియు అతడు చూచుచుండగా మనము చూచుచుందుము.

ఇచ్చట రెండు మాటలకు అర్థము చెప్పక ముందుకు పోజాలము.

మొదటిది వెట్టి. తరగతిలో నలువదిమంది పిల్లలు. ఒక్కరికైనను ఈ మాట తెలియదు. ఒకడు మాత్రము "వెట్టిచాకిరి అని సినిమాలో అంటరు సార్" అనెను. వెట్టి యనగా కూలి లేని పని మాత్రమే కాదు. కాదనుటకు వీలులేని పని. చాకలి గడిబట్ట లుతుకవలెను. కుమ్మరి కుండలు ఇయ్యవలెను. మాదిగ చెప్పులు కుట్టి, మోటకు తోలుబొక్కెన లిచ్చి, అధికారులు వచ్చినప్పుడు మూటలు మోసి, చీటి పట్టుకొని పదిమైళ్లు పరుగెత్తవలెను. గొల్ల గొఱ్ఱె నియ్యవలెను. కోమటి సహితము అధికారుల విడిదికి సరకులు పంపవలెను. తన చేను ఎండుచున్నను దొర చేనికి ముందు నీరు పెట్టవలెను. నాగు యను వడ్డీ ధాన్యము అప్పు తీసికొన్నవాని సంతతికి సహితము తీరదు. వెట్టిని నిషేధించు శాసనములు రాజధానిలో వెలువడకపోలేదు. అవి గడి గుమ్మము దాటలేదు.

రెండవది ఆడబాప. దొరబిడ్డ పెండ్లియై అత్తవారింటికి పోవునప్పుడు సారెతో పాటు పంపబడు దాసీపిల్ల. సారెలో ఇత్తడిబిందెలు, పట్టెమంచము, పశువులు; వాటితో నొక మనుష్యప్రాణి. ఆ పిల్లకు పెండ్లి లేదు. పుట్టిన బిడ్డకు తండ్రిపేరు లేదు. గడిలో నామె స్థానమేమో మేము పాఠశాలపత్రికలో వివరింప నక్కరలేదు, తల్లిదండ్రులు గ్రహింపగలరు. రంగాచార్యులవారు ఆ సంగతిని వ్రాసినప్పుడు అసభ్యపుమాట నొక్కటియైన వాడక, మన మనస్సు కలచునట్లు వ్రాసిరి. ఈ నవలను పెద్దతరగతుల పిల్లలు చదువుట సరియా కాదా యని మాలో చర్చ జరిగినది. చదువదగునని మా నిశ్చయము.

వెట్టిని గూర్చి ఇంటియొద్ద పెద్దలనడిగి వ్రాసికొని రండని పిల్లలను పంపితిమి. మరునాడు తెచ్చినవి చాలవరకు రెండేసి పంక్తులు. ఒక బాలిక మాత్రము ఏమియు తేలేదు. నాలుగు దినములైన తరువాత సాయంకాలము బడి విడిచినప్పుడు వచ్చి, "మా తాతను అడిగిన సార్, ఏమీ చెప్పలే. లేచి బయటికి పోయిండు. తర్వాత మా నాయనమ్మ చెప్పింది, మా ముత్తాత గడికి చెప్పులు కుట్టేటోడంట, ఊళ్లె చెప్పులేసుకొని నడిచే హక్కు మాత్రం ఆయనకు లేదంట. మా నాయనకు గూడా ఈ సంగతి తెల్వదు" అని చెప్పెను. చెప్పి, "ఇది పుస్తకంల రాయాల్నా?" అని యడిగెను. నీ యిష్టమని చెప్పితిమి. ఆమె వ్రాసినది.

మన సంఘములయందలి కుటుంబములు చాలవరకు ఆ చెప్పులు కుట్టినవారివి, ఆ మూటలు మోసినవారివి. డోర్నకల్లు దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడినప్పుడు, దాని నీడను ఆరాధనకు వచ్చినవారిలో ఎందరు మరునాడు ఉదయమున మరల వెట్టికి పోవలసినవారో! బిషపు అజరయ్యగారు (1874–1945) ఈ ప్రాంతమున చేసిన సేవను గూర్చి మనము ఏటేట చెప్పుకొనుచుందుము. ఆ సేవ యెవరి మధ్య జరిగినదో, వారి దినము ఎట్లు తెల్లవారెడిదో చెప్పుకొనము. సిగ్గుచేత తాతలు చెప్పరు; తెలియకపోవుటచేత తండ్రులు చెప్పరు. సిగ్గుపడవలసినది చేయించినవారు గాని చేసినవారు కాదు. తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచింప వేడుచున్నాము.

మరల గ్రంథములకు వత్తము. "చిల్లరదేవుళ్లు" పోరాటమునకు పూర్వస్థితిని చెప్పగా, "మోదుగుపూలు" పోరాటకాలమును, "జనపదము" తదనంతరకాలమును చెప్పినవి. ఇట్లు ఒక ప్రాంతపు చరిత్రను వరుసగా నవలలలో వ్రాయవలెనను తలంపు రంగాచార్యులవారికి ఒక పూర్వికునివలన కలిగినది. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). నల్లగొండసీమలో పుట్టి, పరుల యిండ్ల వంటచేసి, హోటలులో పనిచేసి చదువుకొని, దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని అమ్మినవాడు. ఆయన "ప్రజల మనిషి", "గంగు" అను నవలలు వ్రాసి, తలపెట్టిన పని ముగియకమునుపే చనిపోయెను. ఆ పనిని రంగాచార్యులవారు తమ భుజముపైకి తీసికొనిరి. ఒకరు దున్నిన చేనిలో మరియొకరు విత్తుట సాహిత్యమున తరచుగా కనబడదు. ప్రతివాడును తన పొలము వేరుగా గట్టు వేసికొనును.

"మోదుగుపూలు" అను పేరు ఎందులకని పట్టణపు పిల్లలడుగవచ్చును. మన పిల్లల కక్కరలేదు. ఫాల్గుణమాసమున ఇల్లెందు, కొత్తగూడెము దాటి భద్రాచలపు దారిని పోయినవారికి, ఆకు లన్నియు రాలిన చెట్లకు నిప్పంటుకొన్నట్లు కనబడు పూలు అవియే. వాసన లేదు, గుడిలో పూజకు గొప్పగా కోరరు, తలలో తురుమరు. ఆ చెట్టు ఆకు విస్తరి అగును. పూవు కామునిపున్నమకు రంగు అగును. ఎవరును నాటరు, ఎవరును నీరు పోయరు, నరికినను మరల చిగుర్చును. పోరాటములో దిగిన జనులకు ఇంతకంటె తగిన పేరు మాకు తోచదు. పోరాటము 1946లో తీవ్రమై 1951లో విరమింపబడినది. నడుమ 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము ప్రభుత్వమును దించినది. ఆ సంవత్సరములలో మన మధిర సరిహద్దు దాటి కృష్ణాజిల్లా గ్రామములకు తల దాచుకొనబోయినవారి కథలు ఇంకను కొందరి యిండ్లలో మిగిలియుండును. అవియు అడిగి వ్రాసికొనదగినవే.

ఈ నవలల భాషను గూర్చి ఒక మాట. గ్రంథకర్త తాను చెప్పుమాట ఒక తీరున, పాత్రల మాట మరియొక తీరున నుండును. దొర, రైతు, లంబాడీ, తురక – ఎవరి పలుకు వారిది. తెలంగాణపు పల్లెమాటలో కలిసిపోయిన ఉర్దూపదములను ఆయన తొలగింపలేదు. దౌరా, జులుమానా, కచేరీ, దస్తకత్తు మొదలగునవి అప్పటి పల్లె నోట నానినవి. వాటిని తీసివేసి వ్రాసినచో ఆ పల్లె మూగదగును. "మనం మాట్లాడే మాట పుస్తకంల ఉంటదా సార్" అని ఆశ్చర్యపడిన బాలుని ముఖము మేము మరువజాలము. మేము ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు ఆ సంగతి మెచ్చుకొనుట వింతగా తోచవచ్చును. అది మా వయస్సునకును మా శిక్షణకును చెందిన దోషము.

లోపములు లేవా? కలవు. పాణి యను బయటివాని కన్నులతో చూపుట కథకు సౌకర్యమే గాని, దానివలన నొక నష్టము కలిగినది. చూచువాడొకడు, బాధపడువాడొకడు. వెట్టివాని మనస్సులోపలికి మనము పోవునది తక్కువ. అతనిని చూచి జాలిపడు విద్వాంసుని మనస్సులోనే ఎక్కువసేపు కూర్చుందుము. 1922లో వెలువడిన "మాలపల్లి"లో ఉన్నవ లక్ష్మీనారాయణపంతులుగారు మాలకుటుంబమునే కథకు నడుమ నిలిపిరి. ఆ సాహసము ఇచ్చట లేదు. మరియు దొరలు కొందరు మరీ దుష్టులుగా కనబడుదురు. నిజమైన చిల్లరదేవుడు ఒక్కొక్కప్పుడు మంచివాడుగా కనబడుటచేతనే ఎక్కువ భయంకరుడు. ఈ మాట మా సొంత అభిప్రాయము.

ఇంతకు క్లేర్ కీగన్ సంగతి యేమైనదందురేమో. ఆమె 2021లో ప్రకటించిన చిన్ననవలకు పేరు తెలుగున "ఇట్టి చిన్నసంగతులు" అని చెప్పవచ్చును. చిల్లర యను మాట మనకు మరల తగులుచున్నది! 1985వ సంవత్సరపు క్రిస్మసు దినములు. ఐర్లండున నొక చిన్నపట్టణమున ఫర్లాంగ్ అను బొగ్గువర్తకుడు కన్యాస్త్రీల మఠమునకు బొగ్గు వేయబోయి, బొగ్గుకొట్టులో బంధింపబడిన యొక బాలికను చూచును. ఆ మఠమున బట్ట లుతుకు చాకిరేవు కలదు. సమాజము తప్పు మోపిన బాలికలచే అచ్చట కూలిలేక పనిచేయింతురు. ఊరిలో నందరికిని తెలియును, ఎవరును మాటాడరు. ఇట్టి చాకిరేవులు ఐర్లండున నిజముగా నుండెను. కడపటిది 1996లో మూయబడినది. 2013లో ఆ దేశపు ప్రధానమంత్రి శాసనసభలో క్షమాపణ చెప్పెను.

క్రైస్తవులమైన మాకు ఆ పుస్తకము చదువుట సులభముగా లేకపోయెను. మఠమును గూర్చి ఇట్లు వ్రాయవచ్చునా యని మొదట మనస్సు వెనుకకు లాగినది. కాని కీగన్ పెరిగినది ఆ దేశమున, ఆ సంఘపు గంటల మధ్యనే. రంగాచార్యులవారు పుట్టినది పల్లెలో గౌరవము పొందుచుండిన పండితకులమున. తమ వారి తప్పును తామే వ్రాసినవారు వీరిరువురును. పొరుగువాని కంటిలోని నలుసును గూర్చి వ్రాయుట ఎవరికైనను చేతనగును. వెట్టికిని చాకిరేవునకును పేరొక్కటి వేరు. బట్టలుతుకు చేయి ఒక్కటే. గడినుండి వచ్చినను మఠమునుండి వచ్చినను ఆ బట్టలలోని మురికి ఎవరిదో పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మిషనుపాఠశాలకు మఱింత యెక్కువగా కలదని మా యభిప్రాయము.

మా సహోపాధ్యాయు లొకరు వేరొక సందేహము తెచ్చిరి. ఎఱ్ఱజెండా పట్టినవాడు వేదములను తెలుగు చేయుట యెట్లు? నిజమే, రంగాచార్యులవారు నాలుగు వేదములను తెలుగున వచనముగా వ్రాసిరి. రామాయణ మహాభారతములను వ్రాసిరి. ఉర్దూనుండి మీర్జా హాదీ రుస్వాగారి "ఉమ్రావ్ జాన్ అదా"ను అనువదించిరి. మాకు ఇందులో వైరుధ్యము కనబడలేదు. కొందరి నోటనే బంధింపబడియున్న గ్రంథమును అందరి చేతికి ఇచ్చుట, కొందరి చేతిలోనే యున్న భూమిని అందరికిని పంచుటవంటి పనియే. మన బైబిలు తెలుగున వచ్చుటకు ఎందరు ఎన్ని సంవత్సరములు కష్టపడిరో యెరిగిన మనము ఆ శ్రమను సులభముగా గ్రహింపగలము. గ్రంథమునందలి విశ్వాసము మనది కాకపోయినను, శ్రమకు నమస్కరింపవచ్చును.

తమ జీవితమును వారు "జీవనయానము" అను పేర వ్రాసికొనిరి. అది ఒక మనుష్యుని చరిత్ర అనుటకంటె, నిజాముకాలపు పల్లె ఎట్లు తినెడిదో, ఎట్లు పండుగ చేసికొనెడిదో, ఎట్లు భయపడెడిదో తెలుపు పుస్తక మనుట న్యాయము. నవలలు చదువుటకు బరువనుకొను పిల్లలు దీనితో మొదలుపెట్టవచ్చును. వారు 2015 జూనులో హైదరాబాదున పరమపదించిరి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడి అప్పటి కొక సంవత్సరము మాత్రమే గడచియుండెను.

మన గ్రంథాలయమున "చిల్లరదేవుళ్లు" రెండు ప్రతులున్నవి. ఒకదాని అట్ట ఊడినది. "మోదుగుపూలు" ఒక్కటియే. తొమ్మిది, పది తరగతులవారికి శనివారము మధ్యాహ్నము ఇయ్యబడును. చదువుచుండగా తెలియని మాట వచ్చినచో నిఘంటువు చూచుటకు ముందు ఇంటియొద్ద పెద్దల నడుగవలెను; వారు చెప్పిన అర్థమును, చెప్పినవారి ఊరిపేరును గ్రంథాలయపు బల్లపై నున్న నోటుపుస్తకములో వ్రాయవలెను. ఇప్పటికి ముప్పదియేడు మాటలు చేరినవి. పుస్తకమును పదునాలుగు దినములలో తిరిగి యియ్యవలెను.